ఆరో పట్టీ ఎక్కడ?

గత వైశాఖ పూర్ణిమకు వరాఛాలో మేము ఎగరవేసిన ధమ్మ ధ్వజానికి ఆరో పట్టీ లేదు. దర్జీ ఐదు నిలువు పట్టీలు కుట్టి ఊరుకున్నాడు. చివరి పట్టీకి ఐదు చిన్న ముక్కలు అతకాలి, కూలి ఎక్కువవుతుందన్నాడు. మేమూ సరేనన్నాం. చీరల బట్టకు కొదవలేని సూరత్‌లో జానెడు గుడ్డ దగ్గర పొదుపు చేశాం! తప్పు దర్జీది కాదు. దీన్ని ‘పంచశీల జెండా’ అని పిలుస్తూ, ఐదు శీలాలకు ఐదు రంగులని పిల్లలకు చెబుతూ వచ్చింది మేమే.

ఆ పేరే పొరపాటు. 1885లో కొలంబో కమిటీ రూపొందించిన ఈ జెండాకు ఆధారం శీలాలు కావు, ఆరు కిరణాలు: నీలం, పసుపు, ఎరుపు, తెలుపు, మంజిష్ఠ, ఆరోది పభస్సరం. బుద్ధుని దేహం నుంచి కిరణాలు వెలువడ్డాయన్న అట్ఠకథల మాటను అక్షరాలా నమ్మాలని మేము అనం. ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేసినవారికి ఆ అవసరం లేదు. కానీ రూపకర్తల తెలివిని మెచ్చుకోవాలి. పభస్సరమంటే ఐదూ కలిసిన వెలుగు. ఆ వెలుగు రంగులో గుడ్డ దొరకదు. అందుకే అవే ఐదు రంగులను అదే వరుసలో పైనుంచి కిందికి పేర్చి ఆరో పట్టీ చేశారు. విడివిడిగా నిలబడ్డ రంగులు కలిసేది అక్కడొక్కచోటే. కులం పోవాలనే మనం తీసేయకూడని పట్టీ ఏదైనా ఉంటే అదే.

‘ఓల్కాట్ జెండా’ అనడమూ సరికాదు. పొడవాటి తోరణంలా ఉన్నదాన్ని మామూలు జెండా కొలతకు తెమ్మన్నది ఆయన. అంతవరకే ఆయన వాటా. అంతకన్నా పెద్ద పని ఆయన చేసింది వేరేచోట. 1883 ఈస్టర్ నాడు కొలంబోలోని కొటహేనలో బౌద్ధుల ఊరేగింపుపై దాడి జరిగింది, న్యాయం దక్కలేదు. 1884లో ఓల్కాట్ బౌద్ధుల తరఫున లండన్ వెళ్లి అర్జీ పెట్టాడు. ఆ మరుసటి ఏడాది వైశాఖానికి సెలవు వచ్చింది. ఆ రోజే, 1885 ఏప్రిల్ 28న, అదే కొటహేనలోని దీపదుత్తమారామంలో గుణానంద థేరో ఈ జెండా ఎత్తారు. న్యాయశాస్త్రం చదివిన కంటికి ఇది ముందు హక్కుల జెండాగానే కనిపిస్తుంది.

నీలి జెండా ఉండగా ఇదెందుకని మాలో కొందరు అడుగుతారు. అది షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నాటినుంచి మన రాజకీయ పతాక. ఇది బర్మా, వియత్నాం వారితో మనకు ఉమ్మడిది. 1950లో కాండీలో ప్రపంచ బౌద్ధ సౌభ్రాతృత్వ సంస్థ తొలి సభ దీన్ని అందరి జెండాగా ముందుకు తెచ్చింది. ఆ సభకు బాబాసాహెబ్ వెళ్లారు. బర్మాలో మంజిష్ఠ స్థానంలో గులాబీ వేసుకుంటారు, టిబెటన్లు ముదురు ఎరుపు వేసుకుంటారు. రంగు మార్చుకున్నారు గానీ పట్టీ తీసేయలేదు. 1963 మేలో హ్యూ నగరంలో వైశాఖానికి ఈ జెండా కట్టరాదని ప్రభుత్వం ఆంక్ష పెడితే జనం నిరసించారు. నిరాయుధులు ప్రాణాలు కోల్పోయారు.

ఈసారి కొలతలు గీసి దర్జీకి ఇచ్చాం. ముక్కల్లో పైన ఏ రంగు రావాలని అడిగాడు. నీలం అన్నాం.