మెత్తటి బొక్కకు చట్రం

కోహెడలో ఆదివారం పొద్దున మటన్ కొట్టు ముందు నిలబడి మేక మోకీలు బొక్క కొసను ఓసారి చూడండి. తెల్లగా, నున్నగా, కాస్త నీలి ఛాయతో మెరిసే పొర కనిపిస్తుంది. అదే మృదులాస్థి. మన చెవిడొప్పలో, ముక్కు కొనలో ఉండేదీ ఆ జాతిదే. అందులో రక్తనాళాలు లేవు, అందుకే దెబ్బతింటే తనంతట తాను సరిగా మానదు.

చెవి సరిగా ఏర్పడకుండా పుట్టిన పిల్లలకు సర్జన్లు పక్కటెముకల దగ్గరి మృదులాస్థి తీసి, చెవి ఆకారంలో చెక్కి, చర్మం కింద అమరుస్తారు. గొప్ప పనితనమే గానీ, చెవి కోసం ఛాతీని కోయాలి. ఆ కోత తప్పించాలనే మూలకణాలతో మృదులాస్థిని పెంచే ప్రయత్నం.

ఈ దారిలో, బతికున్న కణాలను త్రీడీ ప్రింటర్‌తో వరుసలు వరుసలుగా ముద్రించిన చెప్పుకోదగ్గ పరిశోధన ఒకటి 2014లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చింది. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో జరిగిన ఆ పనికి మొదటి రచయిత ఫల్గుణి పతి. తర్వాత ఆయన సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌కు వచ్చారు.

ఆ పద్ధతిలో ముందు జంతువు మృదులాస్థిని ముక్కలు చేసి, ఎంజైములతో, డిటర్జెంట్లతో కడుగుతారు. కణాలు పోతాయి, అవి కాపురమున్న కొల్లాజెన్ అల్లిక మిగులుతుంది. పరాయి కణాలు పోయాయి కనుక ఒళ్లు తిరగబడే ప్రమాదం తగ్గుతుంది. ఆ అల్లికను ఆరబెట్టి, పొడి చేసి, ఆమ్లంలో పెప్సిన్ వేసి కరిగిస్తారు. మన కడుపులో మాంసాన్ని అరిగించే పెప్సినే ఇది! ఆమ్లగుణం తీసేశాక ఆ ద్రవం చల్లగా ఉన్నంతసేపూ జారుతుంది, 37 డిగ్రీలకు, అంటే ఒంటి వేడికి, గట్టిపడి జెల్ అవుతుంది. నాకు మొత్తం పనిలో బాగా నచ్చింది ఈ గుణమే. కణాలను చల్లటి ద్రవంలో కలిపి ముద్రిస్తే చాలు, గట్టిపరిచేందుకు వేరే రసాయనం అక్కర్లేదు.

అయితే ఆ జెల్ ఒక్కటే ఆకారం నిలుపుకోలేదు. అందుకని పాలీకాప్రోలాక్టోన్ అనే ప్లాస్టిక్‌తో చట్రం. ఇది 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ప్రింటర్‌లో ఒక గొట్టం కరిగిన ప్లాస్టిక్‌ను సన్నటి గీతలుగా వేస్తుంటే, ఇంకొకటి వాటి సందుల్లో కణాలున్న జెల్‌ను నింపుతుంది. పై వరుస అడ్డంగా పడుతుంది, నులకమంచం అల్లినట్టు. మధ్యలో కొన్ని సందులు ఖాళీగా వదులుతారు. రక్తనాళాలు లేవు కదా, కణాలకు తిండి ఆ దారినే అందాలి. వేడి ప్లాస్టిక్ పక్కన కణాలు మాడిపోవా అంటే, గీత సన్నం కాబట్టి ఇట్టే చల్లారుతుంది. 90 శాతానికి పైగా కణాలు బతికాయి.

మృదులాస్థి కోసం వాడిన కణాలు ముక్కు లోపలి గోడకుండే టర్బినేట్ అనే మడత నుంచి తీసిన మూలకణాలు. ఎముకగానైనా కొవ్వుగానైనా మారగల ఈ కణాలను టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్ మృదులాస్థి వైపు నడిపిస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. మూలకణాలు అక్కడ ఆగకుండా ముదిరి ఎముక వైపు జారుతుంటాయి. వాటిని సరైన దశలో ఆపడం ముద్రించడం కన్నా కష్టం. చట్రం గడువూ చూసుకోవాలి. పాలీకాప్రోలాక్టోన్ ఒంట్లో కరగడానికి రెండు మూడేళ్లు పడుతుంది, ఆలోగా కణాలు సొంత అల్లిక అల్లుకోవాలి.

2018లో చైనా వైద్యులు ఇలాంటి చట్రం మీద, పిల్లల సొంత చెవి మృదులాస్థి కణాలతోనే పెంచిన చెవులను అయిదుగురికి అమర్చినట్టు ప్రకటించారు. ఇక్కడ హైదరాబాద్‌లో ఐఐటీ, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, జీవకణ పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి 2022లో కణాలు కడిగేసే ఈ పద్ధతితోనే దానమిచ్చిన కళ్ల నుంచి జెల్ చేసి, కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాను ముద్రించి, కుందేలు కంట్లో అమర్చాయి. చెవికి వంగే గుణం చాలు. కార్నియా మాత్రం వంపు చెడకుండా వెలుగునూ పోనివ్వాలి.