టచ్‌లైన్ వెంట గుగులోత్ సౌమ్య

నిజామాబాద్ జిల్లాలో 2001లో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల ఫుట్‌బాల్ జట్టులో వింగర్. వింగర్‌ను కొందరు మిడ్‌ఫీల్డర్లలో కలుపుతారు, కొందరు ఫార్వర్డ్‌లలో లెక్కేస్తారు. కోచ్ ఎంచుకున్న పద్ధతిని బట్టి రెండూ సరైనవే. నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు ఉండే 4-4-2లో అంచున ఆడేవారు మిడ్‌ఫీల్డర్లు. బంతి పోయిందంటే వెనక్కి పరుగెత్తి తమ ఫుల్‌బ్యాక్‌కు కాపు కాయాలి. 4-3-3లో అదే చోట ఆడేవారికి గోల్ బాధ్యత ఎక్కువ.

వింగర్‌కు వేగం ఒక్కటే చాలదు. టచ్‌లైన్‌ను అంటిపెట్టుకుని నిలబడితే ఎదుటి డిఫెండర్ కూడా అటు జరగక తప్పదు, దాంతో మధ్యలో తోటివారికి చోటు దొరుకుతుంది. బంతి వచ్చేసరికి ఒళ్లు సగం గోల్ వైపు తిరిగి ఉండాలి; మొదటి టచ్‌తోనే బంతి ఖాళీ జాగాలోకి పోవాలి. అక్కడ ఆగితే డిఫెండర్‌కు ఊపిరి దొరికినట్టే. డిఫెండర్‌ను దాటించేది వేగం కన్నా వేగంలో మార్పు: నెమ్మదించి, కాలు తడబడేలా చేసి, ఒక్కసారిగా దూకడం. గోల్‌లైన్ దాకా వెళ్లాక బంతిని గాల్లోకి లేపడం కన్నా వెనక్కి, నేల మీద పాస్ ఇవ్వడం చాలాసార్లు మేలు. డిఫెండర్లు గోల్ వైపు పరుగెడుతుంటారు కనుక ఆ పాస్ వారికి చిక్కదు.

తెలంగాణ ప్రాంతానికి ఈ విద్య కొత్తది కాదు. హైదరాబాద్‌లో ఒకప్పుడు ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఉండేవారు. ఆయన శిక్షణలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయనే కోచ్‌గా ఉన్న భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టడం, బలహీనమైన కాలితోనే ఆడించడం రహీం పద్ధతులు. పాస్ త్వరగా వదలడం, రెండు కాళ్లూ పనికి రావడం వాటి వల్ల అలవడేవి. వింగర్‌కు రెండో కాలు మరీ అవసరం: అది లేకపోతే లోపలికి తిరగాలో, గీత వెంటే సాగాలో డిఫెండర్ ముందే పసిగడతాడు.

అయితే ఆ వైభవమంతా నగరంలోని మగవారి జట్లదే. సౌమ్య వచ్చింది జిల్లా నుంచి, ఎదిగింది బయటి క్లబ్బుల్లో. గోకులం కేరళకు ఆడింది. తోటి భారత క్రీడాకారిణి జ్యోతి చౌహాన్‌తో పాటు క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ జెర్సీ వేసుకుంది. తర్వాత కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌లో చేరింది. 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఒడిశా ఎఫ్‌సీపై 1-0 గెలుపుతో ఆ జట్టుకు తొలి టైటిల్ ఖాయమైంది. ఆ ఒక్క గోల్ సౌమ్యదే. అదే ఏడాది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. 2025 జులైలో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి భారత్ 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. క్వాలిఫయర్ల ద్వారా ఆ టోర్నీకి చేరడం మన మహిళలకు అదే మొదటిసారి.

సౌమ్య టైటిల్ గెలిచిన ఆ సీజన్ లీగ్‌లో 8 జట్లు ఆడాయి. వాటిలో తెలంగాణ జట్టు ఒక్కటీ లేదు.