ఎవరి గురి వారిది

జలాంతర్గామి ఆటల్లో ఎక్కువసేపు కనిపించేది ఖాళీ సముద్రమే. దూరాన ఓ పొగచార లేచిందంటే లెక్కలు మొదలవుతాయి. ఓడ ఎంత దూరంలో ఉంది, ఎటు పోతోంది, ఎంత వేగంతో పోతోంది? 2005లో వచ్చిన 'సైలెంట్ హంటర్ 3'లో గురిని కంప్యూటర్‌కే వదిలేయవచ్చు. అలా వదలకుండా జవాబులు తానే రాబట్టుకునే ఆటగాడికే సొంత శైలి ఏర్పడుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది తొంభై డిగ్రీల పద్ధతి. ఓడ దారికి సరిగ్గా లంబంగా జలాంతర్గామి ముక్కు పెట్టి, దాదాపు కదలకుండా కాచుకోవాలి. పెరిస్కోప్‌లోని నిలువు గీతను ఓడ ముందుభాగం తాకగానే స్టాప్‌వాచ్ నొక్కి, వెనుకభాగం దాటగానే ఆపాలి. ఓడ పొడవు గుర్తింపు పుస్తకంలో దొరుకుతుంది. 120 మీటర్ల ఓడ 30 సెకన్లలో దాటితే సెకనుకు 4 మీటర్లు, అంటే దాదాపు 8 నాట్స్. 30 నాట్స్ టార్పెడోకు అప్పుడు కావలసిన ముందుగురి సుమారు 15 డిగ్రీలు. పెరిస్కోప్‌ను ఓడ వచ్చే వైపు అంత తిప్పి ఉంచి, ఓడ గీత మీదికి రాగానే టార్పెడోను సూటిగా వదలాలి. ఇందులో దూరంతో పనే లేదు! కెరటాల మీద అంచనాకు అందనిది దూరమే. దాన్ని లెక్కలోంచే తప్పించిన తెలివి అబ్బురంగా ఉంటుంది.

పసిఫిక్ యుద్ధం మీద వచ్చిన 'సైలెంట్ హంటర్ 4' ఆడేవాళ్లు ఇలాంటి మరో పద్ధతిని అమెరికన్ కెప్టెన్ రిచర్డ్ ఓకేన్ పేరుతో పిలుస్తారు.

కొందరిది క్రెట్ష్‌మర్ దారి. ఆ జర్మన్ కెప్టెన్ రాత్రివేళ నీటిపైనే తేలుతూ కాన్వాయ్ వరుసల మధ్యకు చొరబడేవాడు. 1941 మార్చిలో బ్రిటిష్ వాళ్లకు చిక్కాడు. ఆ తెగువ గొప్పదే గానీ, కొత్తవాళ్లు అక్కడ మొదలుపెడితే లెక్క ఎప్పటికీ పట్టుబడదు.

'డేంజరస్ వాటర్స్' అనే మరో ఆటలో చెవే కన్ను. వినడానికే వాడే సోనార్, శబ్దం వచ్చే దిక్కు మాత్రమే చెబుతుంది. అది దగ్గర్లోని నిదానపు ఓడదా, దూరాన వేగంగా పోయేదా? తేలాలంటే మనమే దారి మార్చి, దిక్కు ఎలా జరుగుతోందో మళ్లీ వినాలి. ఇక్కడ ఓపికే ఆయుధం.

మరికొందరు మునిగితే పాత సేవ్‌కు వెళ్లరు, కెరీర్ మొత్తం మళ్లీ మొదలుపెడతారు. వాళ్లంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల్లో సముద్రానికి వెళ్లిన సుమారు 40 వేలమందిలో దాదాపు 30 వేలమంది తిరిగి రాలేదు. ఆ నియమం పెట్టుకున్నవాడికి ఈ సంఖ్య బరువు కాస్తయినా తెలుస్తుంది.

మీరూ ఆడేవారైతే ఆటోమేటిక్ గురిని ఆపేయండి. కాపలా లేని ఒంటరి రవాణా ఓడను ఎంచుకుని, స్టాప్‌వాచ్ పట్టుకుని తొంభై డిగ్రీల పద్ధతితో మొదలుపెట్టండి.