ఫిసల్‌బండ నుండి గామా మెరుపుల దాకా: హైదరాబాదు నక్షత్ర పట్టిక విలువ ఎంత?

ఖగోళ శాస్త్రంలో పని రెండు విధాలు. ఉన్నదానిని ఓపికతో కొలిచి, లెక్కకట్టి, రాసిపెట్టడం ఒకటి. కొత్తగా కనిపించిన దానిని తక్షణం పసికట్టడం రెండవది. మొదటిదానిని కరణం దస్తరంతోను, రెండవదానిని తలారి కేకతోను పోల్చవచ్చును. తలారి కేక ఊరంతా వింటుంది. దస్తరాన్ని మాత్రం సరిహద్దు తగాదా వచ్చిననాడు గాని ఎవరూ విప్పరు. గామా కిరణ విస్ఫోటాలను గురించి విద్యార్థులకు చెప్పే వ్యాసాలలోను, ఉపన్యాసాలలోను తలారికి దక్కిన గౌరవం కరణానికి దక్కడం లేదు. ఆ పక్షపాతం సరిఅయినదా? హైదరాబాదు పాతబస్తీలో పుట్టిన ఒక వేధశాల తయారుచేసిన నక్షత్ర పట్టికను ఎదుట పెట్టుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఉచితం.

ముందుగా విస్ఫోటాల సంగతి. గామా కిరణాలు కాంతి వంటివే. అయితే ఎక్స్ కిరణాల కన్నా ఎక్కువ శక్తి గలవి. భూమి వాతావరణం వీటిని నేలమీదికి రానివ్వదు. కావున ఎంత పెద్ద దూరదర్శినిని కొండమీద నిలిపినా విస్ఫోటపు గామా కిరణాలు దానికి అందవు. ఆ కబురు ఉపగ్రహమే చెప్పాలి. 1963 నాటి అణుపరీక్షల నిషేధ ఒప్పందాన్ని ఎవరైనా ఉల్లంఘిస్తున్నారేమో చూడడానికి అమెరికా ప్రయోగించిన వేలా ఉపగ్రహాలు 1967 జూలై 2న ఒక గామా మెరుపును నమోదు చేశాయి. అది బాంబు కాదు. ఆకాశం లోతులనుండి వచ్చినది. క్లెబెసాడెల్, స్ట్రాంగ్, ఓల్సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఇటువంటి 16 మెరుపుల వివరాలను 1973లో లోకానికి వెల్లడించారు.

ఈ మెరుపులలో కొన్ని సెకండులో కొంత భాగమే ఉంటాయి. కొన్ని నిమిషాల పాటు సాగుతాయి. ఎక్కడనుండి వస్తున్నాయి? ఈ ప్రశ్న ముప్పది ఏండ్లు తేలలేదు. 1991 నుండి 2000 వరకు పనిచేసిన కాంప్టన్ ఉపగ్రహంలోని పరికరం ఒక్కటే 2,704 మెరుపులను లెక్కించినది. అవి పాలపుంత పట్టీలో గుమిగూడలేదు. ఆకాశం నలుమూలలా సమంగా పరచుకొని ఉన్నాయి. అయినా వాదం తెగలేదు. 1995 ఏప్రిల్‌లో వాషింగ్టన్ నగరంలో ఒక చర్చ జరిగినది. ఇవి విశ్వపు దూరాలనుండి వస్తున్నవని పచిన్‌స్కీ, మన పాలపుంత చుట్టూ ఉన్న ప్రదేశంనుండే వస్తున్నవని లాంబ్ వాదించారు. వేల మెరుపులను లెక్కించినా ఒక్కదాని ఇల్లు కూడ తెలియకపోవడమే చిక్కు.

ఆ చిక్కు విడిపోయిన తీరును సాధారణంగా ఇలా చెబుతారు: “గొప్ప దూరదర్శినులు మెరుపు జాడను కనిపెట్టాయి.” ఈ వాక్యం అబద్ధం కాదు గాని అరకొర నిజం. 1997 ఫిబ్రవరి 28న బెప్పోసాక్స్ అనే ఇటలీ-నెదర్లాండ్స్ ఉపగ్రహం ఒక మెరుపును పట్టి, దాని ఎక్స్ కిరణాలను బట్టి స్థానాన్ని బాగా కుదించి తెలిపినది. ఆ రాత్రే కెనరీ దీవులలోని విలియం హెర్షెల్ దూరదర్శినితో ఆ చోటును చిత్రించారు. మార్చి 8న మళ్ళీ చిత్రించారు. రెండు చిత్రాలను పక్కపక్కన ఉంచి చూస్తే, మొదటిదానిలో ఉన్న ఒక చుక్క రెండవదానిలో లేదు! అదే మెరుపు మిగిల్చిన మలివెలుగు. మొదటి చిత్రాన్ని మాత్రమే చూసినవారికి అది అనేక చుక్కలలో ఒక చుక్క. పక్కన పెట్టి చూడడానికి ఇంకొక చిత్రం ఉన్నందువల్లనే అది కొత్త విషయం అయినది. కొద్ది నెలలకే, మే 8 నాటి మెరుపు మలివెలుగును హవాయిలోని కెక్ దూరదర్శినితో విశ్లేషించి దాని అరుణ విస్థాపనం కనీసం 0.835 అని తేల్చారు. అనగా ఆ వెలుగు వందల కోట్ల సంవత్సరాల క్రితం బయలుదేరినది. పచిన్‌స్కీ వాదమే నిలిచినది. తరువాతి పరిశీలనలను బట్టి, రెండు సెకండులకు మించి సాగే మెరుపులలో ఎక్కువ భాగం మహానక్షత్రాల మరణంవల్ల, పొట్టివాటిలో అనేకం న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొని కలిసిపోవడంవల్ల పుడుతున్నవని గ్రహించారు.

పెద్ద కన్ను ఉంటే చాలునన్న అభిప్రాయాన్ని 1999 జనవరి 23 నాటి మెరుపు మరింత గట్టిగా ఖండించినది. భారత కాలమానం ప్రకారం అప్పుడు మధ్యాహ్నం 3 గంటల 17 నిమిషాలు. హైదరాబాదులో ఎండ, అమెరికాలోని లాస్ అలమాస్‌లో మాత్రం తెల్లవారుజాము మూడు గంటలు కావస్తున్నది. అక్కడ ఒక యంత్రం, మామూలు కెమెరా కటకాలు నాలుగింటిని బిగించుకొన్నది, ఉపగ్రహం కబురు అందగానే తనంతట తాను తిరిగి, మెరుపు మొదలైన 22 సెకండులకే మొదటి చిత్రం తీసినది. ఆ వెలుగు తొమ్మిదవ తరగతి నక్షత్రమంత ప్రకాశానికి చేరినది. చేతి బైనాక్యులర్‌కు అందేటంత. చిన్న కటకం వేళకు చూసినది. లోకంలోని మహా దర్పణాలు ఆ క్షణంలో వేరే దిక్కున ఉన్నాయి. మెరుపు అణగిన తరువాత మలివెలుగును అనుసరించిన వేధశాలలలో మన నైనీతాల్‌లోని 104 సెంటీమీటర్ల దూరదర్శిని కూడ ఒకటి.

వేగం ఎందుకు అవసరమో తరగతిలో సులభంగా చూపవచ్చును. మలివెలుగు ప్రకాశం కాలానికి దాదాపు విలోమానుపాతంలో తగ్గుతుందని అనుకోండి. నిమిషానికి ఉన్న వెలుగు గంటకు 60వ వంతు, ఒక రోజుకు 1,440వ వంతు అవుతుంది. తరగతులలో చెబితే మొదటి తగ్గుదల సుమారు నాలుగున్నర, రెండవది సుమారు ఎనిమిది. ఇంటి మేడ మీది చిన్న దూరదర్శినికి అందగలిగినది మరునాటికి పెద్ద వేధశాలకు గాని అందదు. 2004 నవంబరులో ప్రయోగించిన స్విఫ్ట్ ఉపగ్రహం ఈ కారణంచేతనే తానే నిమిషం అటూ ఇటూగా మెరుపు వైపు తిరిగేటట్లు నిర్మింపబడినది. అది మొదట చెప్పే స్థానంలో ఒకటి నుండి నాలుగు కళల సందేహం ఉంటుంది. చంద్రబింబం వెడల్పు సుమారు 30 కళలు గదా. దానితో పోలిస్తే ఇది చిన్నదే. అయినా ఆ చిన్న గుంటలో పదుల కొలది, కొన్నిచోట్ల వందల కొలది మసక చుక్కలు ఉంటాయి. వాటిలో కొత్తది ఏది? ఇక్కడ తలారి నోరు మూతపడుతుంది. దస్తరం విప్పవలసి వస్తుంది.

అటువంటి దస్తరాలలో ఒకటి హైదరాబాదుది. సైనిక వ్యవహారాల మంత్రిగా ఉండిన నవాబు జాఫర్ జంగ్ 1901లో పాతబస్తీ దిక్కున ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాలను స్థాపించారు. ఇంగ్లండునుండి తెప్పించిన 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని, ఆకాశాన్ని చిత్రించే 8 అంగుళాల కుక్ దూరదర్శిని ఆయన కూర్చిన సంపద. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం వేధశాలను తన చేతిలోకి తీసుకొన్నది. తరువాత అది బేగంపేటకు మారినది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చినది.

1887లో పారిస్‌లో సమావేశమైన శాస్త్రజ్ఞులు ఆకాశమంతటిని ఛాయాచిత్ర ఫలకాల మీదికి ఎక్కించాలని నిశ్చయించి, ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క పట్టీని పంచారు. దక్షిణ క్రాంతి 17 నుండి 23 అంశల వరకు గల పట్టీ మొదట చిలీ దేశపు సాంటియాగోకు ఇచ్చినది. అక్కడ పని సాగలేదు. దానిని హైదరాబాదు తలకెత్తుకొన్నది. చాట్‌వుడ్, పోకాక్, వారి తరువాత 1918 నుండి 1944 వరకు టి. పి. భాస్కరన్ సంచాలకులుగా ఉండగా ఈ పని సాగినది. 1914 నుండి 1929 వరకు ఫలకాలు తీశారు. లక్షల నక్షత్రాల స్థానాలను సూక్ష్మదర్శినితో కొలిచి సంపుటాలుగా అచ్చువేశారు. అది చాలక జర్మనీలోని పాట్స్‌డామ్ పూర్తిచేయలేకపోయిన ఉత్తరపు పట్టీలో కొంత భాగాన్ని కూడ ముగించారు.

ఈ కృషిని పొగడడం తేలిక. అయితే లోపాలను చెప్పకుండా పొగిడితే అది విమర్శ కాదు. మొదటి లోపం ఆలస్యం. ప్రపంచమంతటి పథకమే దశాబ్దాల తరబడి సాగి, ఫలితం చేతికి వచ్చేసరికి ఖగోళ శాస్త్రపు ఆసక్తి వేరే దారి పట్టినది. రెండవది మరింత పెద్దది. సంపుటాలలో అచ్చయినవి నక్షత్రాల విషువాంశలు, క్రాంతులు కావు. ఫలకం మీద అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అన్న కొలతలు మాత్రమే. వాటిని ఆకాశ స్థానాలుగా మార్చే శ్రమ చదువరికే వదిలివేశారు. తూకం వేసి ధర రాయని అంగడిలా తయారయినది. ఇందువల్ల ఈ సంపుటాలు చాలా కాలం అలమరలలోనే ఉండిపోయాయి. మూడవది, ఇవి సుమారు పదకొండవ తరగతి చుట్టుపక్కల ఆగిపోతాయి. నేటి మలివెలుగులు చాలావరకు అంతకన్నా వందల, వేల రెట్లు మసక. హైదరాబాదు సంపుటాన్ని విప్పి నేరుగా మెరుపు జాడ పట్టుకోవడం సాధ్యం కాదు. ఆ మాట దాచి చెప్పడం విద్యార్థికి అపకారం.

పాత ఫలకాలను అతిగా నమ్మడంలోని ప్రమాదానికి కూడ ఒక ఉదాహరణ ఉన్నది. 1978 నవంబరు 19 నాటి మెరుపు వచ్చిన చోటును షేఫర్ అనే శాస్త్రజ్ఞుడు హార్వర్డ్ పాత ఫలకాలలో వెదకి, 1928 నాటి ఒక ఫలకం మీద కొత్త చుక్కను చూశానని 1981లో ప్రకటించాడు. అదే నిజమైతే ఆ వస్తువు యాభై ఏండ్ల కిందట కూడ ఒకసారి వెలిగిందన్నమాట! ఎంతో ఆశ కలిగినది. తరువాత ఇతరులు ఇటువంటి చుక్కలను పరీక్షించి ఫలకం పూతలోని దోషాలు కావచ్చునని ఆక్షేపించారు. దూరాలు తెలిశాక, నక్షత్రాన్నే అంతం చేసే విస్ఫోటం యాభై ఏండ్ల తేడాతో రెండుసార్లు జరుగుతుందనడం పొసగలేదు. ఒకే ఫలకం మీది ఒకే చుక్క సాక్ష్యం కాదు. పారిస్ పథకం వారు ఈ బలహీనతను ముందే ఎరుగుదురు. ప్రతి నక్షత్రం కనీసం రెండు ఫలకాల మీద పడేటట్లు ఫలకాలను ఒకదానిపై ఒకటి అతివ్యాప్తంగా అమర్చారు. రెండింటిలోను కనిపిస్తేనే నక్షత్రం. ఒకదానిలోనే ఉంటే అనుమానం. మలివెలుగు వేటగాడు నేడు పాటించే నియమానికి ఇది తాత.

హైదరాబాదు పట్టికకు అసలు న్యాయం జరిగినది శతాబ్దం చివరలో. హిప్పార్కస్ ఉపగ్రహం ఇచ్చిన ఖచ్చితమైన స్థానాలను ఆధారంగా చేసుకొని అమెరికా నౌకాదళ వేధశాలవారు పాత పట్టికలన్నిటినీ గణన యంత్రాలతో కొత్తగా లెక్కకట్టారు. ఆ ఫలితాన్ని ఉపగ్రహపు కొలతలతో కలిపి 2000లో టైకో-2 అనే పట్టిక వెలువడినది. అందులో సుమారు 25 లక్షల నక్షత్రాల నిజగతులు ఉన్నాయి. నక్షత్రం ఏటా కదిలే దూరం వెంట్రుకవాసి కన్నా తక్కువ. దానిని కొలవాలంటే దీర్ఘకాలం ఎడంగా తీసిన రెండు కొలతలు కావాలి. రెండవ కొలతను ధనం పెట్టి కొనవచ్చును. మొదటిదానిని ఎంత ధనం పెట్టినా కొనలేము. 1914 నాటి ఆకాశం మళ్ళీ రాదు. దక్షిణ పట్టీలో ఆ మొదటి కొలత ఇచ్చినది హైదరాబాదు.

2013లో ప్రయోగించి 2025లో విరమించిన గాయా ఉపగ్రహం సుమారు 180 కోట్ల వస్తువుల స్థానాలను రాసిపెట్టినది. నేడు మలివెలుగు స్థానాన్ని ఇటువంటి పట్టికల నక్షత్రాలతో సరిపోల్చి నిర్ణయిస్తారు. పాత చిత్రంలోనుండి పక్కకు జరిగిన దగ్గరి నక్షత్రమో, దారిన పోయే గ్రహశకలమో, హఠాత్తుగా మండిన ఎర్ర మరుగుజ్జు నక్షత్రమో “కొత్త చుక్క” వేషం వేయకుండా కాపాడేది పట్టికే.

మన దేశంలో తలారి పని నేడు బాగానే సాగుతున్నది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి ఎగసిన ఆస్ట్రోశాట్‌లోని ఒక పరికరం, పని ప్రారంభించిన తొలినాడే, అక్టోబరు 6న, గామా మెరుపును పట్టినది. లడఖ్‌లోని హాన్లేలో 2018లో మొదలైన 70 సెంటీమీటర్ల స్వయంచాలక దూరదర్శిని ఇటువంటి కబుర్లు రాగానే తిరిగి చూస్తుంది. ఇందులోను వ్యాసమే గొప్ప అనుకోరాదు. 1968లో ప్రారంభమైన మన జపాల్-రంగాపురం దూరదర్శిని 48 అంగుళాలది. మలివెలుగులను ముందు కబురు లేకుండానే పట్టిన పాలొమార్ దూరదర్శిని కూడ 48 అంగుళాలదే. రెండవదాని బలం ఒక్క చూపులో 47 చదరపు అంశల ఆకాశాన్ని చిత్రించి, వెంటనే పాత చిత్రంతో తీసివేత చేయడంలో ఉన్నది.

కావున తీర్పు ఇది. హైదరాబాదు పట్టిక ఆలస్యమైనది, వాడుకకు కష్టమైనది, మసక చుక్కలను చూడనిది, అయినా అవసరమైనది. ఫిసల్‌బండ వేధశాలను నవాబు వేడుకగాను, ఇత్తడి గొట్టాల ముచ్చటగాను మాత్రమే చెప్పే కథలు దాని నిజమైన గౌరవాన్ని తగ్గిస్తున్నాయి. ఎక్కడ పాత ఫలకాలు, కొలతల పుస్తకాలు మిగిలి ఉన్నా అవి చెత్త కావు. పగిలిన ఫలకానికి బదులు లేదు.

ఉపాధ్యాయులు దీనిని మాటలతో ముగించనక్కరలేదు. ఒకే నక్షత్ర రాశిని నెల ఎడంతో రెండుసార్లు పిల్లలచేత గీయించి, తేదీ, వేళ రాయించి, రెండు కాగితాలను కిటికీ అద్దం మీద ఒకదానిపై ఒకటి పెట్టించవచ్చును. తేడా కనిపిస్తే అది గ్రహమా, గీతలో తప్పా అని వారే తేల్చాలి. తేదీ వేయని బొమ్మ ఎంత అందంగా ఉన్నా పోలికకు పనికిరాదని వారికి ఆ రోజే తెలుస్తుంది.