చుక్కకు ముందున్న పేరు

తెలుగు వికీపీడియా చిరునామాలో మొదట కనిపించేవి రెండే అక్షరాలు: టీ, ఈ. వాటి చోట టీ, ఏ పెడితే తమిళం తెరుచుకుంటుంది. కే, ఎన్ పెడితే కన్నడం. ఏ భాష కావాలన్నా బ్రౌజర్ వెళ్లి తట్టేది ఒకే గుమ్మం. మరి వచ్చినవాళ్లు ఎవరి కోసం వచ్చారో లోపలివాళ్లకు ఎలా తెలుస్తుంది?

బ్రౌజర్ చెబితేనే తెలుస్తుంది. పేరును ఐపీ నంబరుగా మార్చి ఇవ్వడంతో డీఎన్ఎస్ పని అయిపోతుంది. అందుకే బ్రౌజర్ తాను పంపే రిక్వెస్టులో ‘హోస్ట్’ అంటూ ఒక వరుస రాస్తుంది. 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0లో ఆ వరుస ఉండి తీరాలన్న నియమం లేదు. 1997లో వచ్చిన 1.1 దాన్ని తప్పనిసరి చేసింది. లేకపోతే 400 ఎర్రర్‌తో తిప్పి పంపమంది. ఒకే సర్వర్ మీద వేల సైట్లు కాపురం ఉంటున్నాయంటే ఆ ఒక్క వరుస పుణ్యమే.

పైథాన్‌లో అది చేతికందే తీరు సాదాగా, అందంగా ఉంటుంది. ఫిలిప్ జె. ఈబీ 2003లో రాసిన డబ్ల్యూఎస్‌జీఐ అనే ప్రమాణం ప్రకారం ప్రతి రిక్వెస్టూ ఒక డిక్షనరీగా వస్తుంది. ‘హెచ్‌టీటీపీ_హోస్ట్’ అన్న కీ కింద ఆ పేరు ఉంటుంది. ఫ్లాస్క్ అనే ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లకు దాన్ని విడదీసే పని కూడా లేదు. కాలేజీలకు సైట్లు కట్టిచ్చే అప్లికేషన్ ఒకటి ఉందనుకుందాం. సొంత డొమైన్‌ను ‘సర్వర్_నేమ్’లో రాసి, రూటులో చుక్కకు ముందున్న పేరు, అంటే సబ్‌డొమైన్ దగ్గర ఒక వేరియబుల్ పెడితే ‘గుంటూరు’, ‘వరంగల్’ నేరుగా ఫంక్షన్‌లోకి వచ్చేస్తాయి.

కొత్తవాళ్లు తడబడేది సొంత ల్యాప్‌టాప్ మీదే. కోడు సరిగ్గానే ఉంటుంది, పేజీ మాత్రం 404. 2018లో వచ్చిన ఫ్లాస్క్ 1.0 నుంచి సబ్‌డొమైన్ మ్యాచింగ్‌ను విడిగా ఆన్ చేయాలి. 5000 పోర్టు మీద నడుపుతుంటే ఆ అంకె కూడా సర్వర్_నేమ్‌లో చేరాలి. పేర్లను సొంత యంత్రానికే మళ్లించే హోస్ట్స్ ఫైలుకేమో, ‘అన్నీ’ అని చెప్పే నక్షత్రం గుర్తు అర్థం కాదు: గుంటూరుకో వరుస, వరంగల్‌కో వరుస, రెండింటి ముందూ 127.0.0.1 అని రాసుకోవాల్సిందే.

ఇవన్నీ ఒక పూటలో సర్దుకునే చిక్కులు. నిద్ర పట్టనివ్వకూడనిది వేరే ఉంది. హోస్ట్ వరుసలో ఉన్నది వచ్చినవాడు చెప్పిన పేరు మాత్రమే. అబద్ధం చెప్పకుండా అతన్ని ఆపేదేమీ లేదు. ఒక దొంగ మరొకరి ఖాతాకు పాస్‌వర్డ్ మార్చాలని అడుగుతూ, హోస్ట్‌లో తన డొమైన్ రాసి పంపుతాడు. అప్లికేషన్ దాన్ని నమ్మి లింకు తయారుచేస్తే, అసలు మనిషికి వచ్చిన మెయిల్లోనే దొంగ చిరునామా కూర్చుంటుంది. ఆ మనిషి నొక్కగానే రహస్య టోకెన్ దొంగ చేతికి చిక్కుతుంది. 2013లో మరో పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో, తన 1.5లో, ఒప్పుకునే పేర్లు రాసుకునే ‘అలౌడ్_హోస్ట్స్’ జాబితాను తెచ్చింది ఇలాంటి మోసాలను ఆపడానికే. దాన్ని నింపే ఓపిక లేక ఒక నక్షత్రం పెట్టి వదిలేయడం ఈ వృత్తికి తగని పని.

సబ్‌డొమైన్లతో ఇంకో ప్రమాదమూ ఉంది. అదే ఏడాది ఏప్రిల్‌లో గిట్‌హబ్ తన వాడుకరుల సొంత పేజీలను డాట్‌కామ్ నుంచి గిట్‌హబ్ డాట్ ఐఓకు తరలించింది. ఒకే డొమైన్ నీడలో ఉన్న సబ్‌డొమైన్లు, పైనున్న డొమైన్ పేరిట కుకీలు పెట్టగలవు. ఎవరో రాసిన జావాస్క్రిప్ట్‌కు అసలు సైటు లాగిన్‌ను కలత పెట్టే వీలుండకూడదని ఆ ఇంటి మార్పు.

తెలుగువాళ్లకు ఇంకో మెలిక ఉంది. కాలేజీ పేరును తెలుగు లిపిలోనే సబ్‌డొమైన్‌గా పెట్టుకోవాలన్న కోరిక న్యాయమైనది, సాధ్యమైనది కూడా. కానీ హోస్ట్ వరుసలోకి ‘గుంటూరు’ తెలుగులో రాదు. ఎక్స్, ఎన్, రెండు గీతలతో మొదలయ్యే ఇంగ్లిష్ అక్షరాల గుత్తిగా వస్తుంది. 63 అక్షరాల హద్దు ఆ గుత్తికే. దాన్ని డేటాబేసులోని తెలుగు పేరుతో నేరుగా పోల్చితే ఎన్నటికీ కలవదు. పైథాన్‌తో పాటే వచ్చే ‘ఐడీఎన్‌ఏ’ కోడెక్‌తో ముందు డీకోడ్ చేస్తే గుంటూరు మళ్లీ గుంటూరుగా కనిపిస్తుంది.