విరాటుని కొలువులో పేడి నింద: తండ్రి, చూపరులు, కుమారుడు

నడకలో ఆడతనం ఉందని, సాటి మగపిల్లవాణ్ణి ఇష్టపడుతున్నాడని అనుమానించి ఒక కుర్రవాణ్ణి వేధించే తోటి విద్యార్థులు కొత్త మాటలేవీ కనిపెట్టరు. ‘ఆడంగి’, ‘పేడి’, ‘గాజులు తొడుక్కో’ అనేవి ఇంట్లో పెద్దల నోట విన్నవే. లైంగిక ఆసక్తి వేరు, లింగ అస్తిత్వం వేరు అనే వివేచన ఈ తిట్లకు లేదు. మగతనపు కొలతకు తగ్గిన వారందరినీ ఒకే గాటన కడతాయి. లైంగిక ఆసక్తి కారణంగా చేసే వేధింపును యు.జి.సి. 2016 సవరణలో ర్యాగింగ్‌గా గుర్తించింది. అది ఉన్నత విద్యాసంస్థలకు సంబంధించినది; ఈ మాటలు మాత్రం బడి వయసులోనే పిల్లల నోటికి వస్తాయి. ఈ నింద ఎవరి ఎదుట బలపడుతుందో తెలుసుకోవడానికి తిక్కన విరాటపర్వంలోని ఉత్తర గోగ్రహణ ఘట్టాన్ని పరిశీలించవచ్చు.

ఉత్తరుడు ప్రగల్భాలు పలికింది అంతఃపుర స్త్రీల నడుమ. తండ్రి దక్షిణ గోగ్రహణానికి వెళ్లాడు. నగరంలో మిగిలిన రాజకుమారుడు వీరుడిగా కనిపించక తప్పదు. తగిన సారథి లేడన్నది అతని సాకు. సారథిగా బృహన్నల దొరకడంతో ఆ సాకూ పోయింది. కౌరవసేనను చూసి పారిపోతున్నప్పుడు, స్త్రీలూ పురుషులూ తనను చూసి నవ్వితే నవ్వనీ అంటాడు వ్యాసభారతంలోని ఉత్తరుడు. అతడు యుద్ధానికి వచ్చింది ఎవరి కోసమో ఆ మాటలోనే తెలుస్తుంది. చూపరులెవరూ లేని శమీవృక్షం దగ్గర సంబంధం తలకిందులవుతుంది. పేడి రూపంలోని అర్జునుడు రథికుడు, రాజకుమారుడు సారథి.

నగరంలో మాత్రం ఏమీ మారలేదు. కొడుకు గెలిచాడని పొంగిపోతున్న విరాటుని ఎదుట కంకుభట్టు ఆ గెలుపును బృహన్నలకు ఆపాదించాడు. తన కొడుకు కంటె ఒక పేడిని ఎక్కువ చేసి చెప్పడం సహించలేక రాజు పాచికతో కొట్టాడు. నెత్తురు నేల పడకుండా సైరంధ్రి పట్టింది. ఇక్కడ దెబ్బ తిన్నది పేడి కాదు, పేడిని మెచ్చుకున్నవాడు. వేధింపునకు గురయ్యే తోటివాని పక్షాన మాట్లాడటానికి కుర్రవాళ్లు వెనుకాడటంలోని భయం ఇదే. ఉత్తరుడు తండ్రి మెప్పుకు లొంగలేదు. గెలుపు తనది కాదని, ఒక దేవకుమారుడు గెలిచాడని చెప్పాడు.

అయితే ఈ ఘట్టానికి ఒక పరిమితి ఉంది. దానిని దాటవేయడం విమర్శకు తగదు. ఉత్తరుడు లోబడింది అర్జునునికి, బృహన్నలకు కాదు. విరాటుని పశ్చాత్తాపం కూడా కంకుడు ధర్మరాజని తెలిశాకే పూర్తయింది. బృహన్నల కేవలం బృహన్నలే అయి ఉంటే ఆ పాచిక దెబ్బను ఆ కొలువులో ఎవరూ తప్పనేవారు కారు. తెలుగు నుడికారం ఇంకొంత నిర్దయగా ప్రవర్తించింది. ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ అన్న మాట మిగిలింది గాని, కొలువులో తండ్రి ఎదుట అతడు ఒప్పుకున్న నిజానికి సామెత పుట్టలేదు.