సినిమా బండి: అందరూ మనలా మాట్లాడితే నవ్వేదెవర్ని?

2021 మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌లో ‘సినిమా బండి’ వచ్చినప్పుడు చాలామంది రాశారు. చిన్న బడ్జెట్టు, కొత్త ముఖాలు, హాయిగా నవ్వించే కథ అన్నారు. భాష సంగతికి వచ్చేసరికి ‘బార్డర్ యాస భలే ఉంది’ అని ఒక్క ముక్కతో సరిపెట్టేశారు. ములబాగిలు వైపు తెలుగు మాట్లాడే నాబోటివాళ్ళకు ఆ ఒక్క ముక్క చాలదు. అందుకే ఇన్నాళ్ళకైనా ఇది రాస్తా ఉండాను.

కథ మీకు తెలిసే ఉంటుంది. వీరబాబు అనే ఆటో డ్రైవరుకు తన బండిలో ఎవరో మర్చిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. చిన్న సినిమాలు కూడా పెద్ద దుడ్లు తెస్తాయని టీవీలో చూసి, మన ఊళ్ళోనే ఒకటి తీద్దామంటాడు. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే గణపతి కెమెరామన్ అవుతాడు. కటింగ్ షాపు నడిపే మరిడేశ్ హీరో, కూరగాయలమ్మే మంగ హీరోయిను. దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల.

నాకు అందరికంటే నచ్చినవాడు మరిడేశ్. ఇంకా ఒక్క షాటు కూడా తీయకముందే పేరు వెనక ‘బాబు’ తగిలించుకుంటాడు. ఇక్కడే సినిమా తెలివి తెలుస్తుంది. మనం నవ్వేది వాడి స్టారు వేషాలకు, వాడి మాటకు కాదు. ఈ తేడా చిన్నదనుకోవద్దు. తెలుగు సినిమాల్లో ఏళ్ళ తరబడి హీరో కోస్తా తెలుగు మాట్లాడేవాడు, యాస మాత్రం పనివాడికో, కమెడియన్‌కో, విలన్‌కో దక్కేది. అందరి మధ్యా ఒక్కడే వేరేగా మాట్లాడితే ఆ మాటే జోకు అవుతుంది. గొల్లపల్లిలో అట్ల కుదరదు. హీరో, హీరోయిన్, డైరెక్టరు, వాడి పెండ్లాం, అరుగు మింద పెద్దాయన, అందరిదీ ఒకటే పలుకు. ఎవరి మాటా ‘యాస’గా వినబడదు. ఊరి మాటగానే ఉంటుంది.

అదే ఏడాది డిసెంబరులో ‘పుష్ప’ వచ్చింది. చిత్తూరు మాటను పెద్ద హీరో నోట పలికించి దేశమంతా వినిపించారు. అది మంచిదే, కాదనను. కానీ అక్కడ ఆ మాట హీరో గడ్డంలాగా, భుజం ఎగరేయడంలాగా వేషంలో ఒక భాగం. పండుగకు పిల్లోళ్ళు మిమిక్రీ చేయడానికి పనికొస్తుంది. ‘సినిమా బండి’ మాటను మిమిక్రీ చేయలేరు, ఎందుకంటే అందులో ఎవరూ దాన్ని చూపించుకోవాలని మాట్లాడరు.

ఇది మనకెందుకు ముఖ్యమో చెప్తాను. మా వైపు పిల్లోళ్ళు బడిలో కన్నడ చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఏ హైదరాబాదుకో చదువుకో పనికో పోతే ‘నీది తెలుగా, కన్నడమా?’ అని అడుగుతారు. ‘ఉండాడు’ అన్నందుకు నవ్వుతారు. నిజానికి ‘ఉన్నాడు’ అనేది ‘ఉండినాడు’ అరిగిపోగా వచ్చిన రూపం. మన ‘ఉండాడు’లో ఆ డకారం చెక్కుచెదరకుండా నిలిచింది. ‘నా తావ దుడ్లు లేవు’ అంటే అందులో ‘తావు’ పాత తెలుగు మాటే. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడలోనూ తత్వాలు చెప్పింది ఈ నేల మీదే. కోలారు తెలుగు నిన్నో మొన్నో గీత దాటి వచ్చింది కాదు. 1956లో రాష్ట్రాల గీతలు ఖాయమయ్యేనాటికి ఇది ఇక్కడ తరతరాలుగా ఉంది.

అట్లని సినిమాలో లోపాలు లేవని కాదు. చివర్లో మంచితనం కొంచెం జాస్తి అయింది, చిక్కుముళ్ళు తొందరగా విడిపోతాయి. భాషలోనూ పలుకుబడి చక్కగా పట్టారు గానీ పదాలు పలచన చేశారు. దూరం ఊర్లవాళ్ళకూ అర్థం కావాలి కదా అనుకుని ఉంటారు. మా అవ్వ తరం మాట్లాడే చిక్కటి తెలుగు, పైర్ల పేర్లు, వాన పేర్లు, తిట్లు, అందులో అంతగా వినబడవు. ఇంక ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు చదువుకుంటూ చూసేవాళ్ళకు ‘దుడ్లు’ అన్నా ‘డబ్బులు’ అన్నా ఒకటే. వాళ్ళకు అందింది సగం సినిమానే.

అయినా ఈ లోపాలకంటే ఒక సంగతి పెద్దది. మరిడేశ్‌కు హీరో కావాలంటే పేరు మార్చుకోవాలని తోచింది. మాట మార్చుకోవాలని మాత్రం సినిమా వాడిని అడగలేదు. మన పిల్లోళ్ళను లోకం అడిగేది సరిగ్గా అదే.

హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, పర్లాకిమిడిలో ఉన్నా ఈ సినిమాను ఒంటరిగా ఫోనులో చూడొద్దు. ఇంట్లో పెద్దోళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి. ‘మేమైతే ఇట్లంటాం’ అని వాళ్ళు అడ్డం పడ్డప్పుడల్లా ఆపి, ఆ మాట రాసి పెట్టుకోండి. సినిమాలో పలచనైనచోట చిక్కదనం వాళ్ళ తావనే దొరుకుతుంది.